వీసా కంపెనీది... బతుకు మనది!

అచ్చంపేట నుంచి హైదరాబాద్ వైపు రెండు రకాల ప్రయాణాలు సాగుతుంటాయి. ఒకటి బస్సులో... గిన్నెల మూట, పాత దుప్పట్లు, చంకలో పిల్ల. ఇంకొకటి అద్దెకారులో... ఇరవై మూడు కిలోలకు మించకుండా రెండుసార్లు తూచి సర్దిన కొత్త సూట్‌కేసులు, ఓ మూలన అమ్మ కుక్కిన పల్లీల పొడి, శంషాబాద్ దాకా సాగనంపడానికి అరడజను మంది చుట్టాలు.

మొదటి ప్రయాణం నల్లమల అంచున ఉన్న ఈ ఊళ్లకు తాతల నాటి నుంచీ తెలుసు. దాని వెనక మేస్త్రీ ఉంటాడు. రెండోది ఈ పాతికేళ్లలో వచ్చింది. దాని చివర 'స్పాన్సర్' ఉంటాడు. చేతిలో ఇంజినీరింగ్ పట్టా, నోట్లో ఇంగ్లిషు, ఒళ్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడికీ, రాళ్లెత్తిన కూలీకీ పోలికేంటని సూట్‌కేసుల వాళ్లకు కోపం రావచ్చు. పోలిక పనిలో లేదు, జీతంలో అసలే లేదు. ఉన్నదల్లా ఒక ముడిలో... పని ఇచ్చినవాడి చేతిలోనే, ఆ చోట ఉండే హక్కు కూడా ఉండటంలో!

ముందు అడ్వాన్సు... తర్వాతే పని

పాలమూరు కూలీ అంటే ఒకప్పుడు దేశమంతా తెలిసిన పేరు. నాగార్జునసాగర్‌లో రాళ్లు మోసిన చేతులవి. డ్యాములు, కాలువలు, రోడ్లు... ఎక్కడ మట్టి తవ్వాలన్నా కాంట్రాక్టర్ల కళ్లు ఈ జిల్లా మీదే పడేవి. అచ్చంపేట 2016లో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లింది గానీ, వలస లెక్కల్లో అది ఇప్పటికీ పాలమూరే.

ఆ వలస నడిచే తీరు ఇదీ. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వస్తాడు. బిడ్డ పెళ్లికో, బోరు వేయడానికో, పాత బాకీ తీర్చడానికో అడ్వాన్సు ఇస్తాడు. ఇక అక్కణ్నుంచి ఆ మనిషి అతని గుంపులో మనిషే. నెలలు నెలలు పని. చేతికొచ్చేది తిండి ఖర్చులకు మాత్రమే. కూలి లెక్క తేలేది చివర్లో, అడ్వాన్సు కోసుకున్నాక. మధ్యలో ఇంకోచోట ఎక్కువ కూలి దొరుకుతుందని తెలిసినా కదలడానికి ఉండదు. పారిపోతే ఊళ్లో ఉన్న ముసలి తల్లిదండ్రుల్ని అడుగుతాడు.

ఈ గోస చూసే మన దేశంలో రెండు చట్టాలొచ్చాయి. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. రెండోది చదివితే ఆశ్చర్యమేస్తుంది. 2025 దాకా అమల్లో ఉన్న దాని ప్రకారం ప్రతి కూలీకీ ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. అందులో ఎక్కడ పని, ఎంత కూలి, ఎన్నాళ్లు అన్నీ రాయాల్సి ఉండేది. రానూపోనూ ఛార్జీలు కాంట్రాక్టరే భరించాల్సి ఉండేది. ప్రయాణంలో గడిచిన రోజులకూ కూలి కట్టివ్వాల్సి ఉండేది. ఎంత బాగుందో! కానీ ఆ పాస్‌బుక్ కళ్లజూసిన కూలీని చూపించమంటే చాలా ఊళ్లు తిరగాల్సి వస్తుంది.

ఈ పాస్‌బుక్‌ని గుర్తుపెట్టుకోండి. అమెరికాలో మళ్లీ కనిపిస్తుంది.

దరఖాస్తు ఎవరు పెడతారు?

హెచ్-1బి అంటే అమెరికాలో ఉద్యోగం చేసుకోవడానికి మనకిచ్చే అనుమతి అనుకుంటాం. సగమే నిజం. ప్రత్యేక నైపుణ్యం కావాల్సిన ఉద్యోగంలో, కనీసం డిగ్రీ ఉన్న విదేశీయుణ్ని పెట్టుకోవడానికి కంపెనీకి ఇచ్చే అనుమతి అది. 1990 నాటి అమెరికా వలస చట్టంతో వచ్చింది. దరఖాస్తు పెట్టేది కంపెనీ. ఆమోదపత్రం వచ్చేది కంపెనీకి. అందులో మన కుర్రాడు 'లబ్ధిదారు' మాత్రమే.

ఏడాదికి 65,000, అమెరికాలో పీజీ చేసినవాళ్లకు అదనంగా 20,000. సాఫ్ట్‌వేర్ గిరాకీ చూసి 2001 నుంచి 2003 దాకా ఈ కోటాని 1,95,000కు పెంచారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు కిటకిటలాడిన రోజులవి. ఆ తర్వాత కోటా తగ్గింది గానీ ఆశ తగ్గలేదు. 2024 ఆర్థిక సంవత్సరం కోటాకు ఏడున్నర లక్షలకు పైగా పేర్లు నమోదయ్యాయి. ఒకే మనిషి పేరును నాలుగైదు కంపెనీలు నమోదు చేయడం అందులో పెద్ద భాగం. ఎన్ని కంపెనీలు పెట్టినా మనిషికి ఒక్క చీటీయే అని నిబంధన మార్చాక, ఆ సంఖ్య దాదాపు 4.7 లక్షలకు, మరుసటి ఏడు సుమారు 3.44 లక్షలకు దిగింది. ఆమోదం పొందే దరఖాస్తుల్లో పదింట ఏడు భారతీయులవే.

అచ్చంపేట కుర్రాడు నేరుగా ఆ లాటరీకి వెళ్లడు. హైదరాబాద్ శివార్లలో బీటెక్. ఆపైన ఎమ్మెస్‌కు స్టూడెంట్ వీసా. దానికి బ్యాంకు లోను. లోనుకు హామీగా నాన్న పేరిట ఉన్న పొలం కాగితాలో, హైదరాబాద్‌లో మేనమామ ప్లాటో. అంటే ఇక్కడా ముందు అడ్వాన్సే, తర్వాతే పని! కాకపోతే అడ్వాన్సు ఇచ్చింది మేస్త్రీ కాదు, బ్యాంకు. కంపెనీ ఒక్క రూపాయీ పెట్టకుండానే కుర్రాడు మెడ మీద అప్పుతో దాని గుమ్మం ముందు నిలబడతాడు. మేస్త్రీకి కూడా ఇంత సుఖం లేదు.

చదువయ్యాక ఓపీటీ కింద ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ చదువులైతే ఇంకో రెండేళ్లు పని చేసుకోవచ్చు. ఆ మూడేళ్లలోనే లాటరీలో పేరు రావాలి. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటితే విద్యార్థి హోదాకే ముప్పు. ఆ తొందరలోనే మనవాళ్లు తప్పటడుగులు వేస్తుంటారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతబడ్డప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తొడిగిన ఫొటోలు చూసి ఊళ్లలో తల్లులు ఏడ్చారు. 2019లో ఫార్మింగ్టన్... అసలది యూనివర్సిటీయే కాదు, అధికారులు పన్నిన వల! పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువాళ్లు చాలామంది. చదువు పేరుతో పని చేసుకోవచ్చన్న ఆశే రెండుచోట్లా ఎర.

అరవై రోజులు

సరే, లాటరీ తగిలింది. రంగాపూర్ గుట్ట మీది ఉమామహేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టారు. చిలుకూరులో 11 ప్రదక్షిణలకు 108 చెల్లించారు. ఇక నిశ్చింతేనా?

ఉద్యోగం పోతే, పోయిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే హోదాకు మారాలి, లేదా దేశం వదలాలి. ఈ అరవై రోజుల వెసులుబాటు కూడా 2017 జనవరిలోనే వచ్చింది. 2022 చివర, 2023 మొదట్లో మెటా 11,000 మందిని, గూగుల్ 12,000 మందిని, అమెజాన్ 18,000 మందిని తీసేసినప్పుడు అమెరికన్ ఉద్యోగి కొత్త కొలువు వెతుక్కున్నాడు. మనవాడు కొలువుతోపాటు దేశాన్నీ, పిల్లల బడినీ, కారు లోనునూ కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లకు 2024 జులై నుంచి 180 రోజుల గడువిచ్చారు. మూడింతలు!

ఈ ముడి ఎంత గట్టిదో తెలియాలంటే 2017 ఫిబ్రవరి 22 గుర్తుచేసుకోవాలి. కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో, సాయంత్రం పని ముగించుకుని బార్లో కూర్చున్న శ్రీనివాస్ కూచిభొట్లని ఓ జాత్యహంకారి కాల్చి చంపాడు. గార్మిన్ కంపెనీ ఇంజినీరు, హైదరాబాద్ వాడు. ఆయన భార్య సునయన దుమాల అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చారు. అప్పుడు తెలిసిందామెకు... భర్త మరణంతో అమెరికాలో తన హోదా కూడా పోయిందని! ఆమెది భర్త వీసా మీద ఆధారపడిన వీసా. ఆయన లేరు గనక ఆ ఉద్యోగం లేదు, ఉద్యోగం లేదు గనక ఆ వీసా లేదు. కాన్సస్ ప్రతినిధి కెవిన్ యోడర్ కల్పించుకుని తాత్కాలిక అనుమతి ఇప్పించాకే ఆమె తన ఉద్యోగానికి తిరిగి వెళ్లగలిగారు. ప్రపంచమంతా కన్నీరు పెట్టిన కేసు కాబట్టి ఒక దారి దొరికింది. పేపర్లకెక్కని చావుల మాటేంటి?

బెంచీ మీద జీతం

ఇప్పుడు పాస్‌బుక్ సంగతి. హెచ్-1బి దరఖాస్తుకు ముందు కంపెనీ అమెరికా కార్మిక శాఖకు ఒక హామీపత్రం ఇస్తుంది. దాన్ని ఎల్‌సీఏ అంటారు. ఏ పని, ఏ ఊళ్లో, ఎంత జీతం... అన్నీ అందులో ఉంటాయి. పనిలో చేరేనాటికి దాని నకలు ఉద్యోగి చేతికివ్వాలన్నది నిబంధన. అచ్చం 1979 చట్టంలోని పాస్‌బుక్కే!

చిన్న కన్సల్టెన్సీల్లో చేరిన కుర్రాళ్లకు ఈ కాగితం ప్రాణం. వాళ్లను ఇంకో కంపెనీ ప్రాజెక్టుకు పంపి బతికే వ్యాపారమది. ప్రాజెక్టు దొరక్కపోతే కుర్రాడు 'బెంచీ' మీద. ఒక గదిలో ఐదారుగురు, వంతులేసుకుని వంట, పొద్దస్తమానం ఫోన్ ఇంటర్వ్యూలు. 'ప్రాజెక్టు రానీ, జీతం ఇస్తాం' అంటాడు యజమాని. చాలాసార్లు యజమాని కూడా తెలుగువాడే. 'అన్నా' అని పిలిచే చనువు ఉంటుంది గనక గట్టిగా అడగడానికి నోరు రాదు. మేస్త్రీ కూడా మన ఊరివాడే కదా!

కానీ చట్టం మాట వేరు. పని లేకపోవడం కంపెనీ తప్పయితే, హామీపత్రంలో రాసిన జీతం ఇచ్చి తీరాలి. 1998లోనే అమెరికా కాంగ్రెస్ ఈ మేరకు చట్టం చేసింది. దరఖాస్తుతోపాటు కంపెనీ కట్టే శిక్షణ రుసుము 750 లేదా 1,500 డాలర్లను ఉద్యోగి నుంచి ఏ రూపంలోనూ రాబట్టకూడదు. గడువుకు ముందే మానేశాడని జరిమానా వేయకూడదు. 2000లో వచ్చిన ఇంకో చట్టంతో, కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టిన వెంటనే అక్కడ చేరిపోవచ్చు, ఆమోదం వచ్చేదాకా ఆగక్కర్లేదు. జీతం ఎగ్గొడితే ఏడాదిలోపు డబ్ల్యూహెచ్-4 అనే ఫారంతో కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు.

మరెందుకు చేయరు? గ్రీన్‌కార్డు క్యూ చూస్తే అర్థమవుతుంది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 కార్డులు, భార్యాపిల్లలతో కలిపి. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరు. ఫలితం... పీజీ చదివినవాళ్ల విభాగంలో 2025 చివరికి వంతు వచ్చింది 2013లో వరసలో నిలబడ్డ భారతీయులకు! ఆ వరసలో నిలబెట్టేదీ కంపెనీయే. మధ్యలో మారితే వరస తేదీ నిలుస్తుంది గానీ, కొత్త కంపెనీతో కాగితాల పని మళ్లీ మొదటికొస్తుంది. జీతం పెంచమని అడగబోయి మింగేసే మాటలన్నీ ఆ క్యూలో నిలబడ్డవాళ్లవే.

లక్ష డాలర్ల గేటు

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం చేశారు. అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం పెట్టే కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని. ఆ రాత్రి సెలవుల్లో ఊరొచ్చినవాళ్లు పెళ్లి పందిళ్లు వదిలి విమానాశ్రయాలకు పరుగెత్తారు. పాత వీసాలకు వర్తించదన్న వివరణ తర్వాత వచ్చింది. అక్కడే చదువుకుని అక్కడే హోదా మార్చుకునేవాళ్లకూ వర్తించదని అక్టోబరులో చెప్పారు. అంటే గచ్చిబౌలి ఆఫీసు నుంచి నేరుగా వెళ్లే దారికి గేటు పడింది. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి వెళ్లే దారి మాత్రం తెరిచే ఉంది.

ఆ దారీ ఇరుకైంది. 2025 డిసెంబరులో ప్రకటించిన కొత్త పద్ధతిలో లాటరీ అందరికీ సమానం కాదు. జీతం స్థాయిని బట్టి చీట్లు. పై స్థాయికి నాలుగు, కింది స్థాయికి ఒకటి. అప్పుడే చదువు ముగించుకుని బయటికొచ్చిన కుర్రాడిది సాధారణంగా కింది స్థాయే.

ఇవన్నీ చెప్పినా పిల్లలు వెళ్తారు. వెళ్లాలి కూడా. ఆ డాలర్లతో అప్పు తీరిన ఇళ్లు, పెళ్లయిన చెల్లెళ్లు, లేచిన డాబాలు కళ్లెదుట ఉన్నాయి. మేస్త్రీ గుంపులో వెళ్లిన తాత ఒక్క గదీ కట్టలేకపోయాడు, ఆ తేడా చిన్నది కాదు. కాకపోతే కొలువు వచ్చిందని ఫోన్ రాగానే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే... 'నెలకెంత ఇస్తరట బిడ్డా?' దాంతోపాటు ఎల్‌సీఏ నకలు చేతికొచ్చిందా, అందులో ఏ ఊరు రాశారు, ఎంత జీతం రాశారు అని కూడా అడగాలి. ఆమోదపత్రం నకలు ఒకటి తన దగ్గర దాచుకున్నాడా అని అడగాలి. ఇంగ్లిషు రాని నాన్న కూడా అడగగలిగిన ప్రశ్నలే ఇవి.

ఇంకొక్కటి. గడువు తీరకముందే కంపెనీ ఉద్యోగంలోంచి తీసేస్తే, ఇంటికి వెళ్లే టికెట్ ఖర్చు కంపెనీయే భరించాలని హెచ్-1బి నిబంధనల్లో ఉంది. 1979 చట్టంలో కూలీ తిరుగు ఛార్జీలు కాంట్రాక్టరువే అన్నట్టే. తాత ఆ ఛార్జీలు అడగలేదు, అలాంటిది ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మనవడికి ఇచ్చిన ఆఫర్ లెటర్‌లోనూ ఆ మాట వెతికితే దొరకడం కష్టమే.