కొండెము

కొండెము సాధారణముగా అసత్యముతో ప్రారంభము కాదు. మా వసతిగృహములో నొకప్పుడు ఒక విద్యార్థి కలము కనబడకపోయెను. "ఫలానివాడు పెట్టెయొద్ద నిలుచుండగా చూచితిని" అని యొకరు చెప్పిరి. అది నిజమే. భోజనపు గంట మ్రోగునప్పటికి అతడు పెట్టె తెఱచెననియు, దీపములార్పునప్పటికి దొంగిలించెననియు మాట మాఱెను. మేమును ఆ మాటను మోసినవారమే. మూడవనాడు కలము సొంతదారుని లెక్కల పుస్తకములోనే దొరకెను. ఈ వార్తను చెప్పుటకు మాత్ర మెవ్వరును పరుగెత్తలేదు. ఆ బాలుడు చాల దినములు పంక్తి చివరనే కూర్చుండి భుజించెను.

నోరు మాఱిన కొలది మాట యేల మాఱును? ఆల్‌పోర్టు, పోస్ట్‌మను అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు వదంతులనుగూర్చి 1947లో ఒక గ్రంథము ప్రకటించిరి. ఒక చిత్రమును చూచి చెప్పిన సంగతి ఐదాఱు నోళ్లు దాటునప్పటికి వివరములలో నూటికి దాదాపు 70 జాఱిపోవుచున్నవని వారు కనుగొనిరి. మిగిలినవి పదునెక్కి, చెప్పువారి పూర్వాభిప్రాయమునకు సరిపడునట్లు మలగును. మా యనుభవమున మొదట జాఱిపోవునది "ఏమో" యను మాటయే!

నిజమునే చెప్పితిమి గదా యని కొందఱందురు. పరువునష్టమునుగూర్చి 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షను అంతటితో తృప్తిపడలేదు. ఆ నిజమును వెల్లడించుట లోకహితమునకై యుండవలెననెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనులోను ఈ నియమము నిలిచియున్నది. విచారించు నధికారము గలవారికి సద్భావముతో ఫిర్యాదు చేయుట అందు నేరము కాదు. మాలో నొక్కరైనను వార్డెనుగారి యొద్దకు పోలేదు. ఆ బాలునినే పిలిచి యడిగినవారును లేరు.