ఈ బొమ్మ చెరపవచ్చా?

మైలవరం బస్టాండులో నిలబడి, విజయవాడ బస్సు కదిలి వెళ్ళడాన్ని సెల్‌ఫోనుతో వీడియో తీశారనుకోండి. సెకనుకు 25 బొమ్మలు. బస్సు కదిలింది గాని, వెనకనున్న కొట్లు కదలలేదు కదా! అందుకే ఫోను ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. "అంతా ముందు బొమ్మలో ఉన్నట్లే, బస్సు మాత్రం ఇంత జరిగింది" అని రాసుకుంటుంది.

ఆ రాతను మళ్ళీ బొమ్మలుగా విప్పే ప్రోగ్రామే డీకోడర్. పదో బొమ్మ తయారుచేయాలంటే దానికి తొమ్మిదోది చేతిలో ఉండాలి. ఒక్కొక్కప్పుడు తరువాత రాబోయే బొమ్మ కూడా ముందే కావాలి! 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిలో ఇలాంటి ఆధారపు బొమ్మలను 16 దాకా దగ్గర పెట్టుకోవచ్చు. అవతల, తెరమీద చూపించే ప్రోగ్రాము కూడా అదే బొమ్మను పట్టుకొని ఉంటుంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న ఒక్క బొమ్మకే మెమరీలో సుమారు 31 లక్షల బైట్ల చోటు పడుతుంది. మరి దాన్ని ఎవరు, ఎప్పుడు చెరపాలి?

మీ తరగతి సంగతే చూడండి. మాస్టారు నల్లబల్లమీద మనిషి గుండె బొమ్మ వేశారు. ముగ్గురు దాన్ని పుస్తకాల్లోకి దించుకుంటున్నారు. ఇద్దరు ముగించారు గదా అని చెరిపేస్తే, మూడోవాడి గుండెకు మూడే గదులు మిగలవచ్చు. అది కప్ప గుండె అయిపోతుంది! అసలు చెరపకపోతేనో, తరువాతి పాఠానికి చోటుండదు.

ఒక ఉపాయం ఉంది. బల్ల మూలన 3 అని రాయండి. ముగించినవాడు ఒకటి తగ్గించాలి. కొత్తగా మొదలుపెట్టేవాడు ఒకటి కలపాలి. ఎవరి చేతిలో అది సున్న అయితే, వాడే చెరపాలి. ఇంకెవరైనా రాసుకుంటున్నారా అని అరవనక్కరలేదు.

దీన్నే రెఫరెన్స్ కౌంటింగ్ అంటారు. 1960లో అమెరికాకు చెందిన జార్జ్ కాలిన్స్ దీన్ని ప్రకటించాడు. వీడియో పనులకు చాలామంది వాడే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో బొమ్మలకు ఈ లెక్క 2013లో వచ్చింది. అంతకుముందు డీకోడర్ ఇచ్చిన బొమ్మమీద, తరువాతి పిలుపులో అదే మరో బొమ్మ వేసేయవచ్చు. ఉంచుకోదలచినవారు 31 లక్షల బైట్లనూ నకలు తీసుకోవలసిందే. ఇప్పుడు ఒకటి కలిపితే చాలు.

అయితే, లెక్క ఒకటికి మించి ఉన్నప్పుడు బొమ్మమీద ఎవరూ గీత గీయరాదు. దానిమీద తెలుగు అక్షరాలు వేయాలంటే నకలు తీసుకొని వేయాలి. లేదా ఆ అక్షరాలు దానిమీద ఆధారపడ్డ తరువాతి బొమ్మలకూ అంటుకుంటాయి!

ఇంకో ప్రమాదం చూడండి. ఇద్దరు ఒకే క్షణంలో ముగించి, ఇద్దరూ 2 చూసి, ఇద్దరూ 1 అని రాశారు. ఇక సున్న ఎన్నటికీ రాదు. నేటి ఫోన్లలో ఒకేసారి పనిచేసే కోర్లు చాలా ఉంటాయి గనుక ఇది నిజంగానే జరుగుతుంది. అందుకని చూడడం, తగ్గించడం, రాయడం మధ్యలో ఇంకొకరు దూరకుండా ఒకే దెబ్బలో జరిగేటట్లు ప్రాసెసర్లలో ప్రత్యేకమైన ఆదేశాలు ఉంటాయి.

ప్రోగ్రాము రాసినవారు తగ్గించడమే మరచిపోతే? నిమిషానికి 1,500 బొమ్మలు, అంటే సుమారు 466 కోట్ల బైట్లు. 4 గిగాబైట్ల మెమరీ ఉన్న ఫోను నిమిషం నిండకుండానే చేతులెత్తేస్తుంది. బస్సు ఇంకా ఊరు దాటి ఉండదు.