బోరు మోటారుకు ఎంత జనరేటరు కావలెను?

అనంతపురం మెట్టలో వేసవిని బోరు ఆగినచో చీనీ చెట్లు పిందె రాల్చును. కరెంటు లైను చేరని తోటలకు జనరేటరు కొనువారు ముందుగా మోటారు తీరు తెలిసికొనవలెను.

5 హార్సుపవరు మోటారనగా 3.7 కిలోవాట్లే గదా యని 5 కె.వి.ఎ. యంత్రము తెచ్చినచో మోటారు లేవదు. నేరుగా స్టార్టు చేయునపుడు అది ఐదారు రెట్లు కరెంటు లాగును. జనరేటరు చాలనిచో వోల్టేజి పడిపోయి, మోటారు మూలుగుచు వైండింగు కాలును. బోరు పైపులు పైకి లాగించు ఖర్చు మీకు చెప్పనక్కరలేదు. కావున 12.5 నుండి 15 కె.వి.ఎ. త్రీఫేజు జనరేటరు మేలు. అంతకు మించినది డీజిలు దండుగ.

చప్పుడు తగ్గవలెనన్న మూతపెట్టెతో వచ్చినదే కొనుడు. డీజిలు జనరేటరు చప్పుడు పెట్టెకు ఒక మీటరు దూరమున 75 డెసిబెల్సు మించరాదని కేంద్ర ప్రభుత్వ నిబంధన. చప్పుడుకు జడిసి మోటారు గదిలో తలుపు మూసి నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండగనే ప్రాణము తీయును. నాలుగు వైపుల గాలి ఆడు రేకుల నీడ చాలును.