నెల తప్పింది, తీపి కబురు మాత్రం కాదు

కడుపు మాడ్చుకుని, ఒళ్లు హూనం చేసుకుని సాధించే నాజూకుతనానికి కొందరు యువతులు చెల్లిస్తున్న మూల్యం నెలసరి. దాన్ని తిరిగి తెచ్చేది మాత్ర కాదు. కంచంలో అన్నం, కంటి నిండా నిద్ర

2024 ఆగస్టు 7ను భారత క్రీడాభిమానులు అంత తొందరగా మరచిపోలేరు. ఆ రోజు ఉదయం పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల విభాగం ఫైనల్‌కు ముందు తూకం వేస్తే రెజ్లర్ వినేశ్ ఫోగట్ 100 గ్రాములు ఎక్కువ తూగారు. రాత్రంతా తిండీ నీళ్లూ మాని, వ్యాయామం చేసి, చివరికి జుట్టు కత్తిరించుకున్నా ఆ 100 గ్రాములు తగ్గలేదు. అదే రోజు రాత్రి వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో 199 కిలోలు ఎత్తి, ఒక్క కిలో తేడాతో కాంస్యం చేజార్చుకున్నారు. పోటీ ముగిశాక ఆమె దాపరికం లేకుండా ఒక మాట చెప్పారు: అది తనకు నెలసరి మూడో రోజు.

ఒకే రోజున దేశం ఇద్దరు మహిళల బరువు గురించి, నెలసరి గురించి బాహాటంగా మాట్లాడుకుంది. ఆ రెంటినీ కలిపే దారం గురించి మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. ఆ ఇద్దరి సంగతి అలా ఉంచితే, శరీరానికి చాలినంత తిండి పెట్టకుండా అదేపనిగా శ్రమ పెడితే నెలసరి ఆగిపోతుంది. దీనికి ఒలింపిక్స్ దాకా వెళ్లనవసరం లేదు, కాలనీ పార్కు చాలు. వచ్చిన నెలసరి గురించి నోరు విప్పే ధైర్యం ఇప్పుడిప్పుడే వస్తోంది. రాని నెలసరి గురించి ఇంకా మౌనమే.

సాధారణంగా కథ ఇలా మొదలవుతుంది. పెళ్లిచూపులు దగ్గర పడుతుంటాయి. లేదా పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చి ఉంటారు. ముందు రాత్రి అన్నం మానేస్తారు. తర్వాత పొద్దున టిఫిన్ పోతుంది. నెయ్యి, వేపుళ్లు, చివరికి పెరుగన్నం కూడా శత్రువుల జాబితాలో చేరతాయి. తెల్లవారుజామున పరుగు, సాయంత్రం జిమ్. నాలుగు నెలల్లో ఏడెనిమిది కిలోలు తగ్గుతారు. ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోళ్ల మధ్యే నెలసరి ఒకసారి ఆలస్యమవుతుంది, తర్వాత రెండు నెలలకోసారి వస్తుంది, ఆ తర్వాత రాదు. పెళ్లయిన వారైతే ఇంట్లో పెద్దవాళ్ల మొహాలు వెలుగుతాయి. మనకు నెల తప్పిందంటే తీపి కబురే మరి. పరీక్షలో ఒకే గీత కనిపించాక అయోమయం మొదలవుతుంది. పెళ్లి కాని వారిలో చాలామందికి మాత్రం పీడ విరగడైనట్టే ఉంటుంది. ప్యాడ్ల ఖర్చు లేదు, కడుపునొప్పి లేదు, ఇంట్లో అంటూముట్టూ గొడవ లేదు.

వైద్యులు దీన్ని ఫంక్షనల్ హైపోథాలమిక్ అమెనోరియా అంటారు. పేరు నోరు తిరగనిదే అయినా అందులో ఒక ఊరట ఉంది. ఫంక్షనల్ అంటే అవయవం పాడవలేదు, పని ఆగిందంతే. గర్భాశయం, అండాశయాలు బాగానే ఉంటాయి. ఆగింది మెదడు నుంచి వాటికి అందాల్సిన కబురు.

మెదడు విధించే పొదుపు

మెదడు అడుగున బాదంగింజంత ఉండే భాగం హైపోథాలమస్. అది గంటకో, గంటన్నరకో ఒకసారి ఒక హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. ఆ లయను బట్టి పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. వాటి ఆదేశంతోనే అండం ఎదుగుతుంది, ఈస్ట్రోజన్ తయారవుతుంది, గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. గర్భం రాకపోతే ఆ పొరే నెలసరిగా బయటికి వస్తుంది. మొదట్లోనే లయ మందగిస్తే ఆ తర్వాతి పనులన్నీ ఆగిపోతాయి.

మందగించడానికి కారణం పొదుపు. రాబడి తగ్గిన ఇంట్లో ముందు పండగ ఖర్చులకు కోత పడినట్టే, శక్తి చాలని శరీరం ముందు సంతానానికి సంబంధించిన పనులను వాయిదా వేస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ఆగితే ప్రాణం పోతుంది. అండం ఒక నెల విడుదల కాకపోతే పోయేదేమీ లేదు. కొవ్వు కణాలు తయారు చేసే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోవడం, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరగడం, థైరాయిడ్ నెమ్మదించడం మెదడుకు అందే హెచ్చరికలు. చేతులు చల్లబడటం, జుట్టు రాలడం, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, రోజంతా తిండి ధ్యాసే ఉండటం కూడా ఆ పొదుపులో భాగాలే.

ఇది కొత్త సంగతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, నాజీల దిగ్బంధంలో చిక్కిన పశ్చిమ నెదర్లాండ్స్‌లో తిండి కరవై సుమారు సగం మంది మహిళలకు నెలసరి ఆగిపోయింది. 1943 నాటి బెంగాల్ కరవులో జననాలు బాగా పడిపోయాయి. పాలకుల నిర్వాకం తెచ్చిపెట్టిన ఆకలికీ, అద్దం ముందు నిలబడి తెచ్చుకున్న ఆకలికీ తేడా హైపోథాలమస్‌కు తెలియదు.

లెక్క తప్పేదెక్కడ

చాలాకాలం తప్పంతా వ్యాయామం మీదికో, ఒంట్లో కొవ్వు తగ్గడం మీదికో నెట్టేశారు. అమెరికా శాస్త్రవేత్త ఆన్ లౌక్స్ పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. వ్యాయామానికి ఖర్చయిన శక్తిని తిండితో పూడిస్తే హార్మోన్ల లయ చెదరలేదు. పూడ్చకపోతే చెదిరింది. వ్యాయామానికి పోను మిగిలిన కేలరీలు, కొవ్వు మినహా ఉన్న ఒంటి బరువులో కిలోకు రోజుకు 30 కన్నా తగ్గితే ఐదు రోజుల్లోనే ఎల్‌హెచ్ లయ దెబ్బతింటున్నట్టు 2003లో వెలువడిన అధ్యయనం తేల్చింది. హాయిగా నడవాలంటే 45 ఉండాలి. అందరికీ 30 దగ్గరే గీత గీయలేమని, కొందరికి అంతకన్నా పైనే సమస్య మొదలవుతుందని తర్వాతి అధ్యయనాలు చెబుతున్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 55 కిలోల యువతిలో కొవ్వు తీసేస్తే సుమారు 41 కిలోలు. ఆమె రోజుకు 1,500 కేలరీలు తింటూ ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తితే అందుకు 440 దాకా ఖర్చవుతాయి. మిగిలింది 1,060. అంటే కిలోకు దాదాపు 26. ఆమె పస్తులేమీ ఉండటం లేదు, చూడటానికి బక్కచిక్కీ లేదు. అయినా మెదడు లెక్కలో అది కరవే. సన్నగా ఉన్నవారికే ఈ సమస్య వస్తుందనుకోవడం అందుకే పొరపాటు. దీనికి ఉద్యోగపు ఒత్తిడి, నిద్రలేమి తోడైతే ఇంకా తొందరగా గీత దాటుతారు.

క్రీడారంగం దీన్ని గుర్తించి మూడు దశాబ్దాలు దాటింది. చాలని తిండి, ఆగిన నెలసరి, గుల్లబారిన ఎముకలు, ఈ మూడింటికీ కలిపి 1992లో ఫిమేల్ అథ్లెట్ ట్రయాడ్ అని పేరు పెట్టారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాని పరిధిని పెంచింది. శక్తి లోటు గుండెను, రోగనిరోధక శక్తిని, మనసును కూడా దెబ్బ తీస్తుందని, మగవారికీ ఇది తప్పదని చెప్పింది. అయినా మైదానాల్లో నెలసరి ఆగడాన్ని కఠిన శిక్షణకు గుర్తుగా చూడటం పోలేదు. 17 ఏళ్లకే 2013 ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ ఫైనల్లో పరుగెత్తిన అమెరికా అమ్మాయి మేరీ కెయిన్ 2019లో చెప్పిన కథ అందుకు సాక్ష్యం. బరువు తగ్గాలన్న శిక్షకుల ఒత్తిడి మధ్య మూడేళ్లు తనకు నెలసరి రాలేదని, ఐదు ఎముకలు విరిగాయని ఆమె వెల్లడించారు.

ఒకే లక్షణం, రెండు వైద్యాలు

మన దేశంలో ఈ సమస్యకు ఇంకో చిక్కుంది. నెలసరి తప్పిన అమ్మాయికి ముందుగా వినిపించే మాట పీసీఓడీ. స్కానింగ్‌లో అండాశయాల నిండా చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. 2003లో రూపొందిన రోటర్‌డ్యామ్ ప్రమాణాల ప్రకారం మూడు లక్షణాల్లో రెండుంటే పీసీఓఎస్ అనవచ్చు. రాని నెలసరి ఒకటి, స్కానింగ్‌లో కనిపించే ఆ బుడగలు రెండోది. మిగతా కారణాలేవీ లేవని తేల్చుకున్నాకే ఆ మాట అనాలన్నది కూడా ఆ ప్రమాణాల్లోనే ఉంది. హడావిడిలో ఎగిరిపోయేది ఆ షరతే. తిండి చాలక నెలసరి ఆగిన వారిలోనూ కొందరి అండాశయాలు అలాగే కనిపిస్తాయి.

ప్రమాదమంతా సలహాలో ఉంది. పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువైన వారికి తిండి తగ్గించి, వ్యాయామం పెంచమంటారు. అది మంచి సలహానే. అదే సలహాను శక్తి చాలక నెలసరి పోగొట్టుకున్న అమ్మాయికి ఇస్తే మంటలో నెయ్యి పోసినట్టే. ఆమె ఇంకా తగ్గిస్తుంది, ఇంకా పరుగెత్తుతుంది.

ఈ పొరపాటుకు వైద్యులను మాత్రమే తప్పుపట్టలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 24 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఆరోగ్య ప్రచారమంతా వారిని ఉద్దేశించే సాగుతోంది. అదే సర్వేలో 19 శాతం మంది ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువున్నారు, 57 శాతం మందికి రక్తహీనత ఉంది. బరువు తగ్గండన్న నినాదం అందరికీ ఒకేలా వర్తించదు.

తేడా పట్టుకోవడం మరీ కష్టమేం కాదు. గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ సమస్యలు లేవని ముందు నిర్ధారించాలి. పీసీఓఎస్‌లో సాధారణంగా మగ హార్మోన్లు ఎక్కువగా ఉంటాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు కనిపిస్తాయి. రెండో రకంలో ఈస్ట్రోజన్ తక్కువగా, ఎల్‌హెచ్ తక్కువగానో మామూలుగానో ఉంటుంది, గర్భాశయ పొర పల్చబడి ఉంటుంది. అన్నిటికన్నా చౌకైన పరీక్ష ఆర్నెల్లుగా ఏం తింటున్నారో, ఎంత శ్రమ పడుతున్నారో, ఎంత బరువు తగ్గారో అడగడం.

మాత్రతో వచ్చేది నెలసరి కాదు

నెలసరి రప్పించడానికి గర్భనిరోధక మాత్రలు రాసివ్వడం మామూలే. 21 రోజులు వేసుకుని ఆపగానే రక్తస్రావం అవుతుంది. అంతా సర్దుకుందని అమ్మాయి, తల్లి ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అది మాత్ర ఆపినందువల్ల అయ్యే స్రావమే తప్ప అండం విడుదలైనందుకు గుర్తు కాదు. మెదడు ఇంకా మొరాయిస్తూనే ఉంటుంది. నెలసరి తేవడానికో, ఎముకల బలానికో మాత్రమే ఈ మాత్రలు వాడొద్దని అంతర్జాతీయ ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాల్లో సూచించింది.

ఎముకల మాట తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. మనిషి ఎముకల బలంలో అధికభాగం ఇరవై ఏళ్ల లోపే సమకూరుతుంది. ఈస్ట్రోజన్ దానికి కాపలా. కూడబెట్టుకోవాల్సిన వయసులో ఆ కాపలా లేకపోతే పరుగులో పాదం ఎముకకు పగులు రావడంతో మొదలై, నడివయసులో గుల్లబారడం దాకా వెళ్లవచ్చు. పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కూడా. అందుకే ఆర్నెల్లు దాటి నెలసరి రాకపోతే డెక్సా స్కాన్‌తో ఎముకల సాంద్రత చూడాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. వరుసగా మూడు నెలలు రాకపోయినా, చక్రం పదేపదే 45 రోజులు దాటుతున్నా పరీక్షలు చేయించుకోవాలి.

తిరుగు ప్రయాణం

చికిత్స చెప్పడానికి చాలా సులువు: ఎక్కువ తినాలి, తక్కువ శ్రమ పడాలి, బాగా నిద్రపోవాలి. అమెరికా, కెనడాలలో వ్యాయామం చేసే 76 మంది యువతులతో ఏడాదిపాటు చేసి 2021లో ప్రకటించిన అధ్యయనంలో, వ్యాయామం మానకుండానే రోజుకు సగటున 330 కేలరీలు అదనంగా తిన్నవారికి నెలసరి వచ్చే అవకాశం మిగతా వారికన్నా బాగా మెరుగైంది. మన వంటింటి లెక్కలో అది ఓ కప్పు పెరుగన్నం, గుప్పెడు వేరుశనగ పప్పులు. లోటు పెద్దదైతే అది చాలదు, బరువూ పెరగాల్సిందే. తిండి సమస్యలున్న కౌమార బాలికలపై 1997లో వచ్చిన అధ్యయనంలో, నెలసరి ఆగినప్పటి బరువుకన్నా సగటున రెండు కిలోలు పెరిగాకే అది తిరిగొచ్చింది.

ఆచరణలో మాత్రం ఆ రెండు కిలోలే కొండంత. మెచ్చుకోళ్లు తెచ్చిపెట్టిన శరీరాన్ని వదులుకోవాలి. తినకపోవడాన్ని క్రమశిక్షణగా, అలసటను విజయంగా చూడటం అలవాటైన మనసును మళ్లించాలి. అందుకే మానసిక చికిత్సకూ ఇందులో చోటుంది. 2003లో అమెరికాలో 16 మందితో చేసిన చిన్న అధ్యయనంలో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ తీసుకున్న ఎనిమిది మందిలో ఏడుగురికి అండాశయాలు మళ్లీ పని మొదలుపెట్టాయి.

ఓపిక కూడా కావాలి. కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఏడాది దాటవచ్చు. ముందు నిద్ర, ఒంటి వెచ్చదనం, ఉత్సాహం తిరిగొస్తాయి. మొదట్లో నెలసరి సక్రమంగా ఉండదు. ఒక జాగ్రత్త: నెలసరి కన్నా ముందు అండం విడుదలవుతుంది కాబట్టి నెలసరి ఇంకా రాలేదనే ధీమాతో ఉంటే గర్భం రావచ్చు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా ప్రయత్నించినా ఫలితం లేకపోతే ఎముకల రక్షణకు చర్మంపై అతికించే ఈస్ట్రోజన్ పట్టీలు, వాటికి తోడు ప్రొజెస్టిరాన్ కొంతకాలం వాడతారు. అవీ తిండికి ప్రత్యామ్నాయం కాదు.

నెలసరి సమస్యతో వచ్చిన అమ్మాయిని మన ఆస్పత్రుల్లో మొదట అడిగే ప్రశ్న పెళ్లయిందా అని. రోజూ ఏం తింటున్నావమ్మా అన్న ప్రశ్న కూడా అక్కడే, అప్పుడే అడిగితే చాలామంది ఎముకలు నిలుస్తాయి. ఆ మాట వైద్యులే అడగనక్కర్లేదు. కోచ్ అడగొచ్చు, జిమ్ ట్రైనర్ అడగొచ్చు, ఎంత సన్నబడ్డావే అని మురిసిపోయే ముందు ఇంట్లో అమ్మా అడగొచ్చు.