షీట్ ఫిల్మ్ పరీక్ష: ఎన్ని సెకన్లు?

ఫిల్మ్ పెట్టె మీద 100 అని ఉంటుంది. అది ప్రమాణ పరిస్థితుల్లో తేలిన వేగం. మన డెవలపర్‌లో, మన నీటి వేడిమిలో ఆ వేగం ఎంతో మనమే తేల్చుకోవాలి. షీట్ ఫిల్మ్ ఇందుకు బాగా అనువైనది. ఒక్క షీటును విడిగా కడిగి చూడవచ్చు.

పాత పద్ధతి డార్క్ స్లైడ్‌ది, అంటే హోల్డర్‌లో షీటును కప్పి ఉంచే పలకది. షీటంతటికీ 1 సెకను వెలుగు చూపాలి. స్లైడ్‌ను కొద్దిగా లోపలికి తోసి మళ్ళీ 1 సెకను, ఇంకాస్త తోసి 2, ఆపైన 4, చివరికి 8. పట్టీలకు మొత్తంగా అందేవి 1, 2, 4, 8, 16 సెకన్లు. ఈ రెట్టింపులు ఎందుకంటే, ఫిల్మ్ నల్లబడటం వెలుగు ఎన్ని రెట్లు పెరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎక్స్‌పోజర్ లాగరిథమ్‌కు ఎదురుగా సాంద్రతను గీస్తే వచ్చే వక్రరేఖ నడుమ భాగం దాదాపు సరళరేఖ అని ఇంగ్లండులో హర్టర్, డ్రిఫీల్డ్ 1890లో చూపారు.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. మసక వెలుగు ఎక్కువసేపు పడితే ఫిల్మ్ లెక్క ప్రకారం నల్లబడదు. నక్షత్రాల ఫొటోలను కొలుస్తూ కార్ల్ ష్వార్ట్స్‌షిల్డ్ దీన్ని 1900 ప్రాంతంలో సూత్రీకరించాడు. అందుకే పట్టీ పట్టీకీ సమయం మారకూడదు.

ఆ ఇబ్బందిని స్టెప్ టాబ్లెట్ తీరుస్తుంది. అందులో 21 మెట్లు. మొదటిది దాదాపు పారదర్శకం, ఆపై ఒక్కో మెట్టుకు సాంద్రత 0.15 పెరుగుతుంది, అంటే వెలుగు అర స్టాప్ తగ్గుతుంది. దాన్ని షీటు మీద ఆనించి ఎన్‌లార్జర్ కింద ఒక్కసారి వెలుగు చూపితే చాలు, మెట్లన్నిటికీ సమయం ఒక్కటే.

ఇక సెకన్ల లెక్క. ప్రమాణం ప్రకారం డెవలప్ చేసిన ఫిల్మ్‌లో, వెలుగు తగలని చోటు కంటే సాంద్రత 0.1 పెరగడానికి కావలసిన ఎక్స్‌పోజర్‌తో 0.8ని భాగిస్తే ఐఎస్‌వో వేగం వస్తుంది. 100 ఫిల్మ్‌కు అది 0.008 లక్స్-సెకన్లు. మీటరు దూరంలోని కొవ్వొత్తి ఇచ్చేంత వెలుగు, అంటే 1 లక్స్, టాబ్లెట్ మీద 1 సెకను పడిందనుకోండి. అది 125వ వంతుకు తగ్గాలంటే 2.1 సాంద్రత అడ్డుండాలి. అది సుమారు 15వ మెట్టు. 400 ఫిల్మ్‌కు పావు సెకను సరిపోవాలి గానీ, బల్బు వెలిగి ఆరే వ్యవధే ఆ లెక్కను చెడగొడుతుంది. సమయాన్ని 1 సెకనే ఉంచి లెన్స్‌ను 2 స్టాప్‌లు మూయడం మేలు. బల్బు పసుపు వెలుగును పగటి వెలుగుకు దగ్గర చేసే నీలి ఫిల్టర్ వాడితే, దాన్ని పెట్టాకే లక్స్ కొలవాలి.

15వ మెట్టు దగ్గర రావలసిన 0.1 సాంద్రత 13 దగ్గరే వచ్చిందా? అయితే మన చేతిలో ఆ ఫిల్మ్ వేగం 100 కాదు, 50. మీటర్‌ను ఇకపై 50 దగ్గర పెట్టి కొలిస్తే నీడల్లోని వివరాలు నెగెటివ్‌లో నిలుస్తాయి.