బెల్లపు పొగ, మామిడిపండు పొగ

"ఆ గుడిగుడి తంబాకే వేరు. ఇప్పుడు పోరగాండ్లు తాగేది తంబాకేనా?" అని మా కోస్గి ప్రాంతపు ముసలివాళ్లు అంటూ ఉంటారు. పాతదంతా మంచిదనే పెద్దల వాదాన్ని మనం మామూలుగా చిరునవ్వుతో విని ఊరుకుంటాం. కాని యీ విషయంలో వారి మాటను కొంచెం పరీక్షించి చూడవలసిన అవసరం వచ్చింది. తాతల నాడే అటకెక్కిందనుకున్న గుడిగుడి, హుక్కా అనే పేరుతో మన పిల్లల చేతికి తిరిగి వచ్చింది గదా!

ఇంతకూ పాత హుక్కాలో ఏముండేది? కొత్త హుక్కాలో ఏమున్నది?

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా నుంచి పోర్చుగీసువారి వెంట మన పడమటి తీరానికి వచ్చి, అక్కడినుంచి దక్కనులో అడుగుపెట్టింది. అక్బరు కొలువులోని అసద్ బేగ్ 1604 ప్రాంతంలో బిజాపూరులో దీన్ని చూసి ముచ్చటపడి, పొగాకుతో పాటు రత్నాలు తాపిన గొట్టం ఒకటి పట్టుకుపోయి పాదుషాకు సమర్పించాడు. హకీములు వద్దంటున్నా అక్బరు కాస్త పీల్చి చూశాడని అసద్ బేగే రాసుకున్నాడు. బిజాపూరు మా కోస్గికి సూటిగా పడమట ఉన్న ఊరే. అంటే మొగలు దర్బారుకు పొగ అంటించిన ఘనత మన దక్కనుదేనన్నమాట!

పొగను నీటిగుండా రప్పించే ఉపాయం హకీం అబుల్ ఫత్ గీలానీ కనిపెట్టాడని లోకంలో ఒక వాడుక. నీరు పొగలోని దోషాన్ని హరిస్తుందని ఆయన నమ్మాడట. కాని ఆ హకీం 1589లోనే కన్నుమూశాడు. అసద్ బేగ్ పొగాకు తెచ్చింది ఆ తరువాత 15 ఏళ్లకు. లెక్క కుదరదు. అయినా కథ నిలిచింది. అంతకంటె గట్టిగా నిలిచింది, నీరు దోషం హరిస్తుందనే నమ్మకం. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. ఆ నిషేధం మాత్రం నిలవలేదు.

పాత హుక్కాలో వేసే సరుకుకు గుడాకు అని పేరు. గుడమంటే బెల్లం. ఎండిన పొగాకును బాగా దంచి, బెల్లపు పాకమో మడ్డి బెల్లమో పోసి, ముద్దగా పిసికి నిలవచేసేవారు. ఇంకొంచెం కలిగినవారి కోసం ఖమీరా ఉండేది. ఖమీర్ అంటే పులిసినది అని అర్థం. పండ్ల గుజ్జు, సుగంధద్రవ్యాలు కలిపి పులియబెట్టిన తంబాకు అది. ఈ ముద్దను చిలుంలో పెట్టి, పైన మట్టి బిళ్ల కప్పి, దానిమీద నిప్పులు వేసేవారు. నవాబుల ఇళ్లలో హుక్కా అడుగు పాత్ర బీదరు పనితనం. జింకు, రాగి కలిపి పోతపోసి, నల్లబరచి, వెండి తాపిన ఆ పాత్రలను నేడు మ్యూజియంలలో చూసి మెచ్చుకుంటున్నాం. సామాన్యుడికి కొబ్బరికాయ బుర్రే హుక్కా. అదీ లేకపోతే ఉత్త మట్టి చిలుం. తరువాత బీడీ, సిగరెట్టు వచ్చాయి. జేబులో పట్టే పొగ దొరికాక కుండంత సరంజామా ఎవడు మోస్తాడు?

ఇక కొత్త సరుకు. దీన్ని ముఅస్సల్ అంటారు. అరబ్బీలో అసల్ అంటే తేనె. తేనె కలిపినదని అర్థం. చూశారా, పాతదాని పేరులో బెల్లం, కొత్తదాని పేరులో తేనె! పొగాకు తన పేరు తాను చెప్పుకోవడానికి రెండుచోట్లా మొహమాటపడ్డది. 1990ల మొదటినుంచి అరబ్బు దేశాల్లో విరివిగా వ్యాపించి, అక్కడినుంచి లోకమంతా పాకిన యీ ముద్దలో పొగాకు, పాకం, గ్లిసరిన్, పండ్ల వాసనలు ఉంటాయి. దట్టమైన తెల్లని పొగ గ్లిసరిన్ మహిమ. మట్టి బిళ్లకు బదులు చిల్లులు పొడిచిన అల్యూమినియం రేకు వచ్చింది. ఆపిల్, పుదీనా, మామిడి, చివరకు తాంబూలం వాసన కూడా దొరుకుతుంది.

మా ఊళ్లనుంచి పట్నానికి చదువుకు పోయిన కుర్రవాడొకడు సెలవులకు వచ్చినప్పుడు నాతో ఎంతో ధీమాగా అన్నాడు: "సార్, అది పొగాకు తాగడం కాదు, పండ్ల వాసన. పైగా నీళ్లలో కడుక్కుని వస్తుంది."

నాలుగువందల ఏళ్లనాటి హకీం నమ్మకం మళ్లీ లేచి కూర్చున్నది! నీరు పొగను చల్లబరుస్తుంది, అంతే. విషాలను కడిగివేయదు. చల్లబడ్డ పొగ గొంతులో మండదు కనుక దమ్ము మరింత లోతుకు పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పిన లెక్క వినండి. సిగరెట్టు తాగేవాడు 5 నుంచి 7 నిమిషాల్లో 8 నుంచి 12 దమ్ములు లాగుతాడు. అంతా కలిపి సుమారు అర లీటరు పొగ. హుక్కా దగ్గర కూర్చున్నవాడు 20 నుంచి 80 నిమిషాల్లో 50 నుంచి 200 దమ్ములు లాగుతాడు. ఒక్కొక్క దమ్ములో పొగ లీటరు దాకా ఉండవచ్చు. అంటే ఒక్క పూటలో నూరు సిగరెట్లకు మించినంత పొగ లోపలికి పోవచ్చునన్నమాట. బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు దీనికి అదనం. పొగాకు లేని మూలికల హుక్కా అన్నా, బొగ్గూ పొగా తప్పవు.

మరి ముసలివాళ్ల మాట నిజమేనా? సగమే నిజం. బెల్లం కలిపినంత మాత్రాన పాత పొగాకు అమృతం కాలేదు. ఆకులోని నికోటిను అప్పుడూ ఉన్నది. నిప్పులూ అవే. ఒకే గొట్టం పదిమంది నోళ్లు తిరిగితే క్షయ వంటి అంటురోగాలకు దారి అప్పుడూ ఉన్నది. ఆరోగ్యం విషయంలో పాతదానికి మార్కులు వేయలేం.

కాని ఒక్క సంగతిలో పెద్దలది పైచేయి. గుడాకులో ఎంత బెల్లం కలిపినా దాని వాసన తంబాకు వాసనే. ఇంట్లో ఎవరు తాగుతున్నారో వీధివాకిట్లోకే తెలిసేది. పిల్లవాడు ముట్టుకుంటే ఘాటుకు దగ్గి పారిపోయేవాడు. పాత తీపి, అప్పటికే అలవాటుపడినవాడి గొంతుకోసం. కొత్త తీపి, ఇంకా అలవాటుపడనివాడికోసం. రెంటికీ తేడా అంతా ఇక్కడే ఉన్నది.

2003లో కేంద్రం పొగాకు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగస్థలాల్లో పొగతాగడాన్ని కట్టడి చేస్తూ కొత్త నిబంధనలు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లును ఆమోదించింది. మంచిదే. కాని జహంగీరు ఫర్మానా ఏమైందో చూశాం గదా! చట్టం దుకాణం తలుపు మూయగలదు. స్నేహితుడి గదిలో వెలిగే చిలుంను ఆర్పవలసింది ఇంటివాళ్లే.

కనుక తల్లులకూ తండ్రులకూ నా మనవి ఒకటే. పట్నంనుంచి వచ్చిన పిల్లవాడి చొక్కాలో పొగాకు కంపు లేదని నిశ్చింతగా ఉండకండి. అకాలంలో మామిడిపండు వాసన వస్తే, కోప్పడకుండా దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ పండు ఏ తోటలోదో అడగండి.