అన్నీ రావడమా, ప్రతిసారీ సరిగ్గా రావడమా?

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. డీపీఎల్ అంటారు దీన్ని. పొట్ట మీద రెండు చిన్న రంధ్రాలు పెట్టి లాపరోస్కోపుతో చేస్తారు. ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలు చాలు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతావాళ్లను హైదరాబాద్‌లోని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. ఇన్ఫెక్షన్ సోకకుండా పాటించాల్సిన జాగ్రత్తల్లో లోపం జరిగిందని విచారణలో తేలింది.

తెలివి అంటే ఏమిటి అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ ఘటనే గుర్తొస్తుంది. ఇన్ఫెక్షన్ నియంత్రణ ఎలాంటి పనో ఒక్క ఉదాహరణ చూడండి. ఒకరికి వాడిన లాపరోస్కోపును ఇంకొకరికి వాడేముందు గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాల పాటు ముంచి ఉంచాలి. తీశాక క్రిమిరహితం చేసిన నీళ్లతో కడగాలి. అంతే. కొత్తగా ఆలోచించాల్సిందేమీ లేదు. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నా, ఎంత పొద్దుపోయినా, మొదటిసారి ఆగినట్టే 34వసారీ ఆ 20 నిమిషాలు ఆగాలి. పని ఇంత చిన్నది, దాని మీద ఆధారపడింది మాత్రం ప్రాణం.

ఇప్పుడు మన చేతిలోని ఫోన్‌లోకి వచ్చిన కృత్రిమ మేధ సంగతి చూద్దాం. కవిత రాయమంటే రాస్తుంది, ప్రోగ్రాం రాయమన్నా రాస్తుంది, జ్వరానికి కారణాలడిగితే వరసగా చెబుతుంది. 2025 జులైలో గూగుల్ డీప్‌మైండ్, ఓపెన్‌ఏఐ సంస్థల నమూనాలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ ప్రశ్నలకు 42కి 35 మార్కుల స్థాయిలో జవాబులిచ్చాయి. అది బంగారు పతకం స్థాయి. మరోపక్క 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పులను కోర్టు ముందుంచారు. తీరా చూస్తే అసలు అలాంటి తీర్పులే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. మరి ఈ యంత్రాలను తెలివైనవి అనాలా, వద్దా?

నా మటుకు నేను అనాలనే అంటాను. ఒకే పనిని తప్పు లేకుండా చేయడమే తెలివి అయితే క్యాలిక్యులేటర్‌ను మించిన మేధావి ఉండడు. 1997లో చదరంగ ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్‌కు చదరంగం తప్ప మరొకటి తెలియదు. ఎన్ని పనులొచ్చన్నది కూడా సరైన కొలత కాదు, ఎరగని పనిని ఎంత తక్కువ అనుభవంతో నేర్చుకోగలదన్నదే చూడాలని పరిశోధకుడు ఫ్రాన్స్వా షోలే 2019లో వాదించాడు. నాకు ఆ వాదన నచ్చింది. కొత్త పరిస్థితిని ఎదుర్కోగలగడమే తెలివి.

అయితే తెలివైనది కదా అని పని అప్పగించేయొచ్చా? ఇక్కడే లెక్క కాస్త ఓపికగా చూడాలి. రోగి కేసు షీటు చదవడం, పడని మందులేమిటో చూడటం, మోతాదు సరిచూడటం, డిశ్చార్జి కాగితం రాయడం ఇలా వరసగా 20 అంచెల పని ఉందనుకుందాం. ఒక్కో అంచెలో యంత్రం 95 శాతం సరిగ్గా చేస్తుందనుకుందాం. పరీక్షలో 95 అంటే మనకు గొప్పే. కానీ 20 అంచెలూ తప్పు లేకుండా దాటే అవకాశం 36 శాతమే. నూరు మందిలో 64 మంది కాగితాల్లో ఎక్కడో ఒకచోట తప్పుంటుంది. ఒక్కో అంచెలో 99 శాతానికి పెంచితే తప్పు లేకుండా దాటే అవకాశం 82 శాతం అవుతుంది. 98 మందికైనా సరిగ్గా రావాలంటే ఒక్కో అంచెలో 99.9 శాతం ఉండాలి. మార్కుల్లో 95కీ 99.9కీ తేడా ఐదు కూడా లేదు, వార్డులో ఆ తేడా ప్రాణాల మీదికొస్తుంది.

అంతకంటే నన్ను కలవరపెట్టేది తప్పు జరిగే తీరు. కొత్తగా చేరిన డాక్టరుకు మోతాదు మీద అనుమానమొస్తే ఆగుతుంది, సీనియర్‌ను అడుగుతుంది. ఈ యంత్రం చాలాసార్లు తెలిసిందీ తెలియనిదీ ఒకే ధీమాతో చెప్పేస్తుంది. ఒలింపియాడ్ లెక్క చేసింది కదా, చిన్న కూడిక తప్పుతుందా అని మనమూ నమ్మేస్తాం. తన హద్దు తనకు తెలియడం తెలివిలో భాగమే. ఆ మేరకు నమ్మకమూ తెలివీ కలిసే ఉంటాయి.

అన్నీ రావడం, ప్రతిసారీ సరిగ్గా రావడం వేరువేరు పరీక్షలన్న సంగతి మన అవధాన ప్రక్రియను రూపొందించినవారు ఎప్పుడో గుర్తించారు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అంటూ పృచ్ఛకులు తలో వైపు లాగుతుంటారు, అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డుతగులుతుంటాడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెప్పుకుంటూ పోవడం విస్తృతికి పరీక్ష. చివర్లో ధారణ ఉంటుంది. అన్ని పద్యాలనూ కాగితం చూడకుండా, పొల్లు పోకుండా అప్పజెప్పాలి. ఎంత చమత్కారంగా పూరించినా ధారణలో తడబడితే ఆ అవధానం నిండుగా జరిగిందనరు.

ఆసుపత్రిలో మాత్రం ఒక మనిషి ధారణనే నమ్ముకోకూడదు. పరికరాన్ని ఎప్పుడు ముంచారో, ఎప్పుడు తీశారో రాసిపెట్టే పుస్తకం ఉండాలి. సరిపడా పరికరాలుండాలి. టైం కాలేదంటే డాక్టరునైనా ఆపే అధికారం నర్సుకుండాలి. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులోనే కుటుంబ నియంత్రణ శిబిరాల పద్ధతికి మూడేళ్లలో స్వస్తి పలకాలంది. ఇబ్రహీంపట్నం ఘటన జరిగింది ఆ తర్వాత ఆరేళ్లకు.

రేపు మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి కృత్రిమ మేధ తెస్తామని ఎవరైనా వస్తే, అది ఏమేం చేయగలదో వాళ్లే చెబుతారు. మీరు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. ఒకే పనిని వెయ్యిసార్లు చేయిస్తే ఎన్నిసార్లు తప్పింది? తెలియనప్పుడు తెలియదని చెబుతుందా? తప్పితే పట్టుకునే మనిషి ఎవరు? జవాబు కాగితం మీద రాసిచ్చేదాకా ఒప్పుకోకండి.